తమ చిత్రమును తామే మోసినవారు

మన దక్షిణదేశపు తెలుగు కుటుంబముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా 1529లో విశ్వనాథ నాయకుడు మధుర పాలనకు వచ్చుటతో ప్రారంభింతురు. తిరుమల నాయకుని మహలును చూపి, మన పెద్దలు ఈ ప్రాంతములకు తరలివచ్చి భూములు సాగు చేసికొనిన వైనము చెప్పి, అంతటితో కలము దింపుదురు. ఈ సంచికకు మేము వ్రాయబూనినది అంత ప్రాచీనమైన విషయము కాదు. నూరేండ్లకు కొంచెము పైబడిన ముచ్చట. సినిమా అనునది మన ఊళ్ళకు ఎవరి భుజముమీద వచ్చినది, చిత్రము తీసినవాడు దానిని జనులవద్దకు తానే చేర్చవలసివచ్చినప్పుడు ఏ పాట్లు పడెను, అందులో మన తెలుగుమాటకు ఎంత చోటు దొరికినది అను సంగతులను మాకు తెలిసినంత మేరకు పాఠక సోదరుల ముందుంచుచున్నాము.

సినిమా చరిత్రకును మన మేలూరునకును ఏమి సంబంధమని కొందరు అడుగవచ్చును. మేలూరు మధురకు ఈశాన్యముగా దాదాపు 30 కిలోమీటర్ల దూరమున, తిరుచిరాపల్లికి పోవు బాటమీద, పెరియారు కాలువ నీటితో పండు పొలముల నడుమనున్న ఊరు. ఇచ్చట స్టూడియో లేదు, సినిమా కంపెనీ పుట్టలేదు. ఇచ్చట ఉన్నది చూచెడి జనమే. చిత్రము తీయువారిని గురించి ఎందరో వ్రాసిరి. చూచువానివరకు అది నడచివచ్చిన దారిని గురించి వ్రాసినవారు తక్కువ. ఆ దారి చివరన ఉన్నవారికే దాని పొడవు బాగుగా తెలియును.

సినిమా వర్తకమునకు ఒక భూపటము కలదు. అది సర్కారువారి భూపటము కాదు. తెలుగు చిత్రమును అమ్మువారు దేశమును నైజాము, సీడెడ్, ఆంధ్ర అని మూడు ముఖ్య భాగములుగా చీల్చుకొనిరి. అందు ఆంధ్రను మరల విశాఖ, తూర్పు, పడమర, కృష్ణ, గుంటూరు, నెల్లూరు అని విడదీయుదురు. నిజాము దొరతనము 1948తో ముగిసినను వర్తకులకు అది నేటికిని నైజామే. 1800లో నిజాము కుంఫిణీవారికి వదలిన జిల్లాలు నేటికిని వారి లెక్కలో సీడెడే. అట్లే తమిళ చిత్రము అమ్మువారికి మద్రాసు నగరము, చెంగల్పట్టు, సేలము, కోయంబత్తూరు, తిరుచ్చి-తంజావూరు, మధుర-రామనాథపురము, తిరునెల్వేలి-కన్యాకుమారి అను ఏరియాలు కలవు. మన మేలూరు మధుర-రామనాథపురపు ఏరియాలోనిది. నిజాముగారి పేరు, కుంఫిణీవారి దత్తమండలముల పేరు వర్తకుల పుస్తకములలో నిలిచినవి గాని, రెండు వందల ఏండ్లు ఈ సీమ నేలిన నాయక రాజుల ఆనవాలు వాటిలో ఎచ్చటను లేదు. తెలుగు చిత్రము అమ్మువాని పటములో మనము లేము. తమిళ చిత్రము అమ్మువాని పటములో ఉన్నాము గాని తమిళులముగా ఉన్నాము. తక్కిన కథయంతయు దీనినుండి పుట్టినదే.

ఇక మొదటికి వత్తము. సినిమా పుట్టిన తొలినాళ్ళలో డిస్ట్రిబ్యూటరు అను మనిషి మన దేశమున లేడు. చిత్రము ఎవనిదో, యంత్రము ఎవనిదో, డేరా ఎవనిదో అను భేదము లేక అన్నియు ఒక్కనివే. కోయంబత్తూరువారైన సామికన్ను విన్సెంటుగారు ఇందుకు మొదటి ఉదాహరణము. ఆయన తెలుగువారు కాకున్నను మన కోయంబత్తూరు సోదరులు నిత్యము తలచుకొనదగినవారు. తిరుచిరాపల్లిలో రైల్వే కంపెనీయందు నెలకు 25 రూపాయల జీతముమీద చిన్న ఉద్యోగము చేయుచు, 1905లో ద్యుపాన్ అను ఫ్రెంచి దొర ప్రదర్శనలు చాలించి స్వదేశమునకు పోదలచినప్పుడు ఆయనవద్దనున్న యంత్రమును, ఏసుక్రీస్తు జీవితము మొదలైన చిత్రములను 2,250 రూపాయలకు కొనిరి. కొలువు చేసి జీవించినవారికి ఈ అంకెలోని సాహసము వెంటనే తెలియును. అది ఏడున్నర సంవత్సరముల పూర్తి జీతము. బియ్యమునకు గాని ఇంటి అద్దెకు గాని ఒక్క కానీ తీయకుండ లెక్క వేసినను అంతే. ఆ ఉద్యోగమును వదలి, యంత్రము కట్టుకొని, ఊరూర డేరా వేయుచు వాయవ్యమున పెషావరువరకును, సముద్రము దాటి బర్మా, మలయా దేశములవరకును పోయివచ్చిరి. పిదప 1914లో కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టించిరి. ఆ వీధిని నేటికిని వెరైటీ హాల్ రోడ్డు అనియే పిలుచుచున్నారు.

అదే కాలమున మన తెలుగువారిలో ఆ పని చేసినవారు మచిలీపట్నమునకు చెందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు. మద్రాసులో ఫొటోగ్రాఫరుగా పేరు పొందినవారు. బొమ్మకు తోడు పలుకు కూడ వినిపించు క్రోనోమెగాఫోను అను యంత్రము సీమలో తయారైనదని విని, 1910 ప్రాంతమున దాదాపు 30,000 రూపాయలు పెట్టి దానిని తెప్పించిరి. అందుకు తన ఆస్తిని తాకట్టు పెట్టిరని చెప్పుదురు. పలుకు అనగా నేటి టాకీ వంటిది కాదు. ఒకవైపు చిన్న చిత్రము ఆడుచుండ, మరొకవైపు గ్రామఫోను ప్లేటు దానికి సరిగా తిరుగుచుండును. విక్టోరియా పబ్లిక్ హాలులో దానిని ప్రదర్శించి, పిదప డేరా వేసి, అటుపిమ్మట ఆ సామానంతయు బండ్లకును రైళ్ళకును ఓడలకును ఎక్కించి దక్షిణదేశము, సింహళము, బర్మా తిరిగిరి. తిరిగివచ్చి 1914 ప్రాంతమున మద్రాసులో గెయిటీ అను హాలు కట్టిరి. భారతీయుని సొత్తుగా ఆ నగరమున కట్టబడిన మొదటి సినిమా హాలు అదియే. తరువాత క్రౌన్, గ్లోబ్ అను హాళ్ళును ఆయనవే.

ఇచ్చట పాఠకులు ఒక క్రమమును గమనింపవలెను. వెంకయ్యగారు ముందు పదియేండ్లు చిత్రములు చూపిరి. ముందు డేరా, తరువాత హాలు, ఆ తరువాతనే చిత్రము తీయుట. కుమారుడు ప్రకాశుగారిని సీమకు పంపి ఆ విద్య నేర్పించి, స్టార్ ఆఫ్ ది ఈస్టు అను కంపెనీ పెట్టి, 1921లో భీష్మప్రతిజ్ఞ అను మూకీ చిత్రము తీయించిరి. ప్రకాశుగారే భీష్ముని వేషము కట్టిరి. గంగ వేషమును ఆంగ్ల యువతి ధరించెను. అనగా వెంకయ్యగారు తన చిత్రము ఏ హాలులో ఆడవలెనో ఆ హాలును కట్టుకొనిన తరువాతనే చిత్రమునకు చేయి పెట్టిరి. నేటి యువకులు చేయునది దీనికి తలక్రిందులు. ఇల్లు అమ్మి చిత్రము తీసి, పూర్తియైన పిదప, దీనిని ఎచ్చట చూపుదుమని వీధిన నిలుచుందురు.

అంత ముందుచూపు కలవాని కంపెనీయైనను చిరకాలము నిలువలేదు. తన మూడు హాళ్ళలో ఎంతకాలము ఆడినను ఒక చిత్రపు ఖర్చు మద్రాసు నగరమొక్కటి నుండియే తిరిగిరాదు. వందల ఊళ్ళు తిరుగవలెను. ఒక మనిషి ఒక యంత్రముతో ఒకనాడు ఒక ఊరిలోనే ఉండగలడు. నాలుగు ప్రింట్లు తీసి నలుగురు మనుష్యులను నాలుగు దిక్కులకు పంపినచో, వారు చెప్పు లెక్క నిజమా కాదా అని చూచుటకు మరి నలుగురు కావలెను. తన చిత్రమును తానే మోయుదునను వానికి ఆనాడు ఎదురైన చిక్కు ఇదియే. ఈనాడును ఇదియే.

దాదాసాహెబు ఫాల్కేగారు 1913లో రాజా హరిశ్చంద్ర తీసి, పల్లెలకు ఎద్దుబండిమీద యంత్రము వేసికొనిపోయి చూపెడివారు. దొరల దేశములోను ఈ బాధ లేకపోలేదు. 1919లో చాప్లిన్, మేరీ పిక్‌ఫర్డ్, ఫెయిర్‌బాంక్స్, గ్రిఫిత్ అను నలుగురు ఘనులు, తమ చిత్రములను ఇతరులు పంచిపెట్టి లాభము తినుట సహింపక, యునైటెడ్ ఆర్టిస్ట్స్ అను సొంత పంపిణీ సంఘమును స్థాపించుకొనిరి. లోకమంతట పేరున్న ఆ నలుగురు ఒక్కటైనప్పుడే అది సాధ్యమైనది. పేరు లేని ఒంటరివాని సంగతి చెప్పవలసినది లేదు.

డిస్ట్రిబ్యూటరు అనువాడు పుట్టినది ఈ చిక్కు విప్పుటకే. వానిని తిట్టుట మనవారికి అలవాటు గాని, వాని పని సులభమైనది కాదు. ఏరియా హక్కును మొత్తముగా కొనుట ఒక పద్ధతి. ఇంత సొమ్ము తప్పక ఇత్తునని మినిమమ్ గ్యారంటీ వ్రాసియిచ్చి, మించినదానిలో భాగము పంచుకొనుట రెండవది. కొంత అడ్వాన్సు ఇచ్చి, కమీషను పుచ్చుకొని ఆడించిపెట్టుట మూడవది. మూడింటిలోను వానికి నష్టభయము కలదు. ఒకటి పోయినను మరొకటి కట్టివేయునని ఏడాదికి పది చిత్రములు చేతబట్టుట వాని బలము. ఒకే చిత్రము కలవానికి ఆ బలము లేదు. అంతేకాక, హాలు యజమాని ఎవనికి భయపడును? రేపు పండుగకు పెద్ద నటుని చిత్రము తెచ్చియిచ్చువానికి. ఒక్క చిత్రముతో వచ్చి మరల రానివానికి బాకీ తీర్చకున్నను వచ్చు నష్టమేమి?

లెక్కలు వ్రాసి జీవించిన మాబోటివారికి ఒక చిన్న లెక్క వేయక తోచదు. ఒక ఊరిలో ఒక ఆటకు 100 రూపాయలు వసూలైనవని ఊహింతము. ముందుగా పన్ను పోవును. 1939లో మద్రాసు రాజధానిలో వినోదపు పన్ను చట్టము వచ్చినది మొదలు అది తప్పినది లేదు. మిగిలినదానిలో సగము హాలువానిదనుకొందము. తక్కిన సగములో గోడపత్రికలు, నోటీసులు, దండోరా బండి, పెట్టెల రవాణా కూలి, టిక్కెట్లు లెక్కించుటకు కూర్చున్న రిప్రజెంటేటివు బత్తా పోవును. మిగిలినది ప్రింటు ఖర్చునకు చాలిన మేలు. చిత్రము తీసిన ఖర్చునకు ఇంకను మొదలే కాలేదు. ఊరు చిన్నదైనకొలది వసూలు తగ్గును గాని, రిప్రజెంటేటివు బత్తా తగ్గదు, పెట్టె బరువు తగ్గదు. మేలూరువంటి ఊరు ఒంటరివాని లెక్కలో ఎప్పుడును నష్టపు వైపునే పడుట ఇందువల్లనే.

పెట్టె బరువనగా ఎంతయని నేటి పిల్లలకు తెలియదు. రెండున్నర గంటల చిత్రము దాదాపు 14,000 అడుగుల ఫిలిము. వేయి అడుగుల రీలు ఒకటి పదకొండు నిమిషములు ఆడును. అట్టి రీళ్ళు పద్నాలుగింటిని ఇనుప పెట్టెలలో సర్ది బస్సుమీదనో రైలులోనో పంపవలెను. టూరింగు టాకీసులలో ఒక్కటే ప్రొజెక్టరుండుటచే రీలు ముగిసినప్పుడెల్ల దీపములు వెలిగెడివి, సోడాలవాడు లోపలికి వచ్చెడివాడు. నేల టిక్కెట్టువారు ఇసుకను కుప్పగా పోసికొని దానిమీద ఎత్తుగా కూర్చుండుట, వెనుకవారు కేకలు వేయుట మేలూరు చుట్టుపట్లనున్న మా వయసు వారందరికిని తెలిసినదే. ఒకే ప్రింటును రెండు హాళ్ళవారు పంచుకొనినచో, ఇచ్చట ఆడిన రీళ్ళను అచ్చటికి సైకిలుమీద చేరవేయు కుర్రవాడే ఆ పూటకు సర్వాధికారి.

ఇక భాష సంగతి. దక్షిణదేశపు తొలి టాకీ కాళిదాసు 1931 అక్టోబరు 31వ తేదీన మద్రాసులో విడుదలయ్యెను. దానిని తీసినవారు మన హెచ్.ఎం. రెడ్డిగారు. అందు నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళమున మాటాడగా, నాయకుడు తెలుగున బదులు చెప్పెను. త్యాగయ్యగారి కృతులును అందు కలవు. దీనిని పలువురు విడ్డూరముగా చెప్పుకొని నవ్వుదురు. మాకు మాత్రము అందు నవ్వవలసినది కనబడదు. ఇంట తెలుగు, వీధిని తమిళము మాటాడు మధుర, కోయంబత్తూరు తెలుగువారి జీవితమును అంత సహజముగా చూపిన చిత్రము అటుపిమ్మట రాలేదు. 1932 ఫిబ్రవరిలో భక్తప్రహ్లాద పూర్తి తెలుగున వచ్చెను. నాటినుండి భాషలు వేరుపడెను, ఏరియాలును భాషలనుబట్టి వేరుపడెను.

పెద్ద కంపెనీలవారు దీనికొక ఉపాయము కనుగొనిరి. 1951లో విజయావారి పాతాళభైరవి తెలుగునను తమిళమునను వచ్చినది. 1957లో మాయాబజారును, 1963లో లవకుశయు అట్లే వచ్చినవి. వర్తకమునకు ఇది మంచి తెలివి. మనకు జరిగినదేమనగా, తమిళ ప్రతి ఉన్న చిత్రమునకు తెలుగు ప్రతిని మధుర ఏరియాకు పంపవలసిన అవసరము వర్తకునకు లేకపోయెను. రామారావుగారిని మన పిల్లలు చూచిరి, కాని తమిళము మాటాడు రామారావుగారిని చూచిరి.

ఈ విషయమున కోయంబత్తూరు కథ మరింత చిత్రమైనది. ఎస్.ఎం. శ్రీరాములు నాయుడుగారు 1945లో అచ్చట పక్షిరాజా స్టూడియో స్థాపించి, మలైక్కళ్ళన్ అను ఒక్క కథను 1954 మొదలు మూడు నాలుగేండ్లలో ఆరు భాషలలో తీసిరి. తమిళమున మలైక్కళ్ళన్, తెలుగున రామారావు, భానుమతి నటించిన అగ్గిరాముడు, హిందీలో దిలీప్‌కుమారుతో ఆజాద్, ఇవిగాక మలయాళము, కన్నడము, సింహళము. ఒక చిత్రమును పది ఏరియాలకు మోయుటకంటె, ఏ ఏరియా భాషలో ఆ ఏరియాకు తిరిగి తీయుటయే మేలని నాయుడుగారు తలచినట్లున్నది. ఇంతటి ధైర్యము మద్రాసు వారికిని లేకపోయెను. కాని కోయంబత్తూరు నాయుడుగారి కంపెనీ తెలుగు చిత్రము ఆంధ్రదేశపు ఏరియాలకు పోవలసినదై, ఆ కోయంబత్తూరులోని తెలుగు కుటుంబములకు మలైక్కళ్ళన్ మిగిలెను.

తెలుగు చిత్రము తెలుగుగా ఇచ్చట ఆడదని వర్తకులు చెప్పుమాట నిజము కాదని ఒకమారు ఋజువైనది. 1978లో కె. బాలచందరుగారు తీసిన మరోచరిత్ర అనువాదము లేకయే తమిళ దేశమున ఆడెను. మద్రాసు సఫైరులో 596 దినములు ఆడుట జగద్విదితము. కోయంబత్తూరు రాయల్ హాలులోను ఏడాదికి పైబడి ఆడెను. దర్శకుడును నాయకుడును తమిళులగుట ఇందుకు కొంత కారణమనుట ఒప్పుకొనవలసినదే. అయినను హాలులో వినవచ్చినది తెలుగే. టిక్కెట్లు కొనినవారిలో తెలుగు రానివారే హెచ్చు.

ఇట్లు పెద్దవారి సంగతి ముగించి, పెద్ద కంపెనీల అండలేక తమ చిత్రమును తాము మోసినవారి సంగతికి వత్తము. ముందుగా రైతుబిడ్డను తలచుకొనవలెను. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు జమీందారీ బాధలపై తీసిన ఆ చిత్రమునకు డబ్బు లోటు కారణము కాదు. జమీందారుల అభ్యంతరమువలన అది నిషేధమునకు గురియైనది. జనులవద్దకు పోవు దారిలో వర్తకుడొక్కడే అడ్డు కాదని అప్పుడే తెలిసినది.

నలుబదియేండ్ల తరువాత అట్టి కథనే చెప్పిన మా భూమి తీరు వేరు. కిషన్ చందరు ఉర్దూ నవల ఆధారముగా, తెలంగాణా రైతుల పోరాటముపై, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ గారలు నిర్మింపగా, గౌతమ్ ఘోష్ అను వంగదేశపు యువకుడు దానిని తీసెను. ఆయనకు అదియే మొదటి కథాచిత్రము. పేరున్న నటులు లేరు. మెదకు జిల్లా పల్లెలో పల్లె జనుల నడుమ చిత్రీకరణ జరిగెను. ఇట్టి చిత్రమునకు మొదటి ఆట, రెండవ ఆట ఎవడును ఈయడు. ఆ వేళలు నటశేఖరులవి. 1980లో హైదరాబాదున దానికి దొరికినది ఉదయపు ఆట. ఉదయపు ఆటయనగా హాలు ఊరక పడియుండు వేళ. అద్దె తక్కువ, నడిపెడు ఖర్చును తక్కువ. చూడవచ్చువారు విద్యార్థులు, సెలవుదినమున కార్మికులు. ఆ ఉదయపు ఆటయే ఒక సంవత్సరమునకు పైబడి నడచెను. మేము ఎన్నో విజయములను గురించి చదివితిమి గాని, లెక్కలోని తెలివికి ఇంతకంటె మంచి ఉదాహరణము కనబడలేదు. ఎవరికిని అక్కరలేని గంటను పట్టుకొని, దానిని వదలకుండుట. పెద్ద చిత్రమునకు మొదటి వారమే ప్రాణము. చిన్న చిత్రమునకు విన్నవాడు మరొకనికి చెప్పువరకు హాలులో నిలుచుటయే ప్రాణము. ఆ వ్యవధి కొనుటకు ఉదయపు ఆట పనికివచ్చినది.

అదే ఏడాది ఫిబ్రవరిలో విడుదలయిన శంకరాభరణమునకును మొదట కొనువారు వెనుకాడిరి. తొలిదినములలో హాళ్ళు బోసిగా నుండి, నోటిమాటవలన నిండెను. దాని పిదప జరిగినది అందరికిని తెలిసినదే గనుక విడిచిపెట్టుచున్నాము.

పొరుగున మలయాళ దేశమున మరొక ప్రయోగము జరిగినది. జాన్ అబ్రహాముగారును ఆయన మిత్రులును 1984లో కోళిక్కోడున ఒడెస్సా అను సమితిగా ఏర్పడి, ఊరూర చిన్న ప్రొజెక్టరుతో చాప్లిన్ చిత్రము వంటివి చూపి, వీధులలో చందాలు వసూలుచేసి, 1986లో అమ్మ అరియాన్ అను చిత్రము తీసిరి. చందా ఇచ్చిన ఊళ్ళకే దానిని తీసికొనిపోయి చూపిరి. చూచువానినే ముందుగా భాగస్వామిని చేసికొనుట ఇందలి విశేషము. టిక్కెట్టు సొమ్మును చిత్రము పుట్టకముందే పుచ్చుకొనినట్లయినది. సమితి నడిపినవారే అలసిపోవుదురు, వారికి జీతము లేదు అనునది దీనిలోని కష్టము. జాన్ అబ్రహాముగారు 1987లోనే మరణించిరి.

క్రొత్త శతాబ్దమున శేఖర్ కమ్ములగారి ఆనంద్ చిత్రము ఒక మేలుమలుపు. జాతీయ చలనచిత్ర సంస్థ చేయూతతో తీసిన ఆ చిత్రమునకు కొనువారు ముందుకు రాకపోగా, విడుదల భారమును తామే పూనుకొనిరి. అదియును 2004 అక్టోబరు 15న, చిరంజీవిగారి శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్. విడుదలైన దినముననే. వివేకులు దీనిని సాహసమనరు, తెగింపు అందురు. కాని ఆనంద్ నిలిచి నూరు దినములాడెను. పెద్ద చిత్రమునకు టిక్కెట్టు దొరకనివారు ప్రక్కహాలుకు పోవుదురను లెక్క ఉన్నదో లేదో గాని, ఇల్లాండ్రును చదువుకొను యువతులును దానిని మోసిరనుట నిజము.

2018లో వెంకటేశ్ మహా తీసిన కేరాఫ్ కంచరపాలెము సంగతి వేరు. విశాఖపట్టణపు కంచరపాలెము వాసులే అందు నటులు. నిర్మాత పరుచూరి ప్రవీణగారు అమెరికాలో వైద్యురాలు. న్యూయార్కు భారతీయ చిత్రోత్సవమునకు ఎంపికైన ఆ చిత్రము, సురేష్ ప్రొడక్షన్సు వంటి పెద్ద సంస్థ చేయి పట్టిన పిదపనే ఊరూర హాళ్ళకు చేరెను. ఇది పరాజయమని మేమనము. మంచి చిత్రమునకు మంచి చేయి దొరికినది. అయితే ఒంటరిగా నడువగలదను మాటకు ఇది సాక్ష్యము కాదు.

ఇనుప పెట్టెలు పోయిన తరువాత అంతయు సులభమగునని పలువురు ఆశించిరి. 2005 మొదలు క్యూబ్, యు.ఎఫ్.ఓ. వంటి సంస్థలు చిత్రమును డిజిటల్ రూపమున హాళ్ళకు పంపుట విరివియైనది. ఉపగ్రహము ద్వారా కూడ పోవుచున్నది. ప్రింటు ఖర్చు లేదు, రవాణా కూలి లేదు, సైకిలు కుర్రవాడు లేడు. కాని ప్రింటు పోయినను ప్రింటు రుసుము పోలేదు. వర్చువల్ ప్రింటు ఫీజు అను పేరుతో ప్రతి హాలునకు నిర్మాతయే చెల్లింపవలెను. 2018 మార్చిలో ఈ రుసుములపై తగవు వచ్చి దక్షిణాది నిర్మాతలు క్రొత్త చిత్రముల విడుదలను ఆపివేసిరి. తమిళనాట ఆ సమ్మె ఏప్రిలువరకు సాగెను. పెద్ద నిర్మాతలే ఓర్వలేని రుసుమును చిన్నవాడెట్లు మోయును?

పన్ను సంగతియు చెప్పవలెను. 2006లో తమిళనాట తమిళ పేరు పెట్టిన తమిళ చిత్రములకు వినోదపు పన్ను మినహాయించిరి. 2017లో జి.ఎస్.టి. వచ్చిన పిదప స్థానిక సంస్థల పేర వేసిన పన్నులోను తమిళ చిత్రములకంటె ఇతర భాషా చిత్రములకు హెచ్చు రేటు నిర్ణయించిరి. ఒక రాష్ట్రము తన భాషను ఆదరించుట తప్పని మేమనము. ఈ గడ్డ అన్నము తినుచు అట్లనుట మర్యాద కాదు. మేలూరులో తెలుగు చిత్రము ఆడించువాని లెక్కలో ఈ అంకెయు చేర్చుకొనవలెనని మాత్రము చెప్పుచున్నాము.

ఇప్పుడు ఇంటింట ఫోనులోను టెలివిజనులోను తెలుగు చిత్రములు వచ్చుచున్నవి గదా, ఇంత విచారమెందుకని మా ఇంటిలోని పిల్లలే అడుగుదురు. నిజమే. 2021లో సినిమాబండి అను చిన్న చిత్రము హాలు మెట్లెక్కకయే నెట్‌ఫ్లిక్సు ద్వారా లోకమంతట కనబడెను. ఆటోవానికి కెమెరా దొరకినప్పుడు ఊరివారందరు కలసి చిత్రము తీయబూనుట దాని కథ. కాని ఫోనులో ఒక్కొక్కరు ఒక్కొక్క మూల చూతురు. మన పిల్లలకు తెలుగు అక్షరము రాదు. బడిలో తమిళము, ఆంగ్లము. వారికి తెలుగు అనునది అవ్వ నోటిమాట మాత్రమే, ఆ మాటయు అవ్వతో పోవుచున్నది. పుస్తకము వారిని చేరలేదు, చేరదు. చెవిద్వారా చేరగలది పాటయు, నాటకమును, సినిమాయు. పదిమంది తెలుగువారి నడుమ కూర్చుండి, అందరును ఒకేసారి నవ్వినప్పుడు, తన ఇంటిలోని మాట తన ఇంటిలోనిది మాత్రమే కాదని పిల్లవానికి తెలియును. అది ఫోనులో దొరకదు.

అందుచేత మన సంఘమువారికి మా మనవి ఇది. సంవత్సరమునకు రెండుమారులైన, ఆదివారము ఉదయమున, మధురలోనో మేలూరులోనో ఒక హాలును అద్దెకు తీసికొని ఒక చిన్న తెలుగు చిత్రమును చూపవలెను. ఉదయపు ఆటయైనచో అద్దె తక్కువయని మా భూమివారు నేర్పిన పాఠము కలదు. చందా ముందుగా వసూలు చేయవలెనని ఒడెస్సావారు నేర్పిరి. చిత్రపు హక్కుదారునినుండి వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను. నోటిమాట చాలదు. బహిరంగముగా చూపుదానికి సెన్సారు సర్టిఫికెట్టు ఉండవలెను. హాలుకాక కల్యాణ మండపము వంటి చోట చూపదలచినచో ముందుగా అధికారులను విచారించి లైసెన్సు సంగతి తేల్చుకొనవలెను. టిక్కెట్టు అమ్మినచో పన్ను లెక్క వేరుగా వ్రాయవలెను. హక్కుదారునకు ఇంత ఆటకు ఇంతయని ముందే చెల్లించుట మేలు. వసూలులో భాగమన్నచో వారు మనలను నమ్మరు, నమ్ముటకు కారణమును లేదు.

మరి రెండు చిన్న విషయములు. తెరమీద తమిళ ఉపశీర్షికలున్న ప్రతిని అడిగి తెప్పింపవలెను. మన ఇండ్లకు వచ్చిన కోడండ్రలోను అల్లుండ్రలోను తెలుగు రానివారు పలువురు కలరు. వారిని ఇంటివద్ద విడిచి మనము పోయినచో మరుసటి ఆటకు మనలనును పోనీయరు. ఇక నోటీసు అచ్చువేయునప్పుడు తెలుగు మాటలను తమిళ లిపిలో వేయింపవలెను. తెలుగు లిపిలో వేసినచో మేలూరులో చదువగలవారు మా ఈడువారు నలుగురైదుగురే. వారికి నోటీసు అక్కరలేదు, కబురు చాలును.